రెండేళ్ల నాటి గౌను

“తలనొప్పి అన్న ప్రతి పిల్లకూ స్కానింగ్ రాయలేం కదా మేడమ్. అనుమానం ఎక్కడ మొదలవ్వాలి?” అని అడిగాడు ఫారూఖ్. పిల్లల వైద్యం చదివి, వేదవతి గారి దగ్గర పని నేర్చుకుంటున్న కుర్ర డాక్టరతను. మొన్న తాను మాత్రలు రాసి పంపిన హైమ అనే పిల్ల తగ్గలేదని మళ్లీ వచ్చి బయట కూర్చుంది. అప్పటినుంచి అతనికి కుదురు లేదు.

వేదవతి గారు ఆ పిల్లను లోపలికి పిలిపించారు. జబ్బు ఊసెత్తకుండా, గౌను బాగుంది, ఎప్పుడు కుట్టించారని తల్లి పైడమ్మను అడిగారు.

“రెండేళ్లయిందమ్మా. ఇంకా సరిపోతంది,” అంది పైడమ్మ మురిపెంగా.

తొమ్మిదేళ్ల పిల్లకు ఏడో ఏట కుట్టించిన గౌను అది. వేదవతి గారు ఫారూఖ్ వైపు ఒకసారి చూసి, దాహం సంగతి అడిగారు. రాత్రిళ్లు లేచి లేచి చెంబులకొద్దీ నీళ్లు తాగుతోందని, షుగర్ చూపిస్తే లేదన్నారని తల్లి చెప్పింది. ఈమధ్య గుమ్మాలకు భుజాలు కొట్టుకుంటోందని, కళ్లు నెత్తికెక్కాయా అని తిడుతున్నానని కూడా అంది.

ఆవిడ హైమకు ఒక కన్ను మూయించి, తన ముక్కు వంకే చూడమని, పిల్ల చెవి పక్కనుంచి వేలు ఆడిస్తూ మెల్లగా ముందుకు తెచ్చారు. వేలు దాదాపు ఎదురుగా వచ్చేదాకా పిల్ల కనిపించిందనలేదు. రెండో కన్నూ అంతే.

వెంటనే స్కానింగుకు పంపారు. ఫలితం వచ్చేదాకా అతను వరండాలో తిరుగుతూనే ఉన్నాడు. పైడమ్మ ఎదురొచ్చి, ఉత్త తలనొప్పే కదా బాబూ అని అడిగితే, ఫలితం రానీయమ్మా అని ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టాడు. స్కానింగులో తేలింది: మెదడు అడుగున, ఎదుగుదలనూ ఒంట్లో నీటినీ అదుపు చేసే పిట్యూటరీ గ్రంథి పక్కన గడ్డ ఉంది. అది చూపు నరాలను నొక్కుతోంది.

ఆపరేషన్ అయింది. క్యాన్సర్ కాదన్నారు గాని, మళ్లీ పెరగవచ్చు, కనిపెట్టుకుని ఉండాలన్నారు. జీవితాంతం మందులు తప్పవు. చూపు ఎడమ కంటికి బాగానే తిరిగొచ్చింది, కుడి కంటికి సగమే.

హైమ ఇంటికి వెళ్లిన రోజు ఫారూఖ్ గురువు గారి దగ్గరికి వచ్చాడు. ఏ పిల్లను చూసినా ఏదో వదిలేశానేమోనని గుండె దడదడలాడుతోందని, ఇది ఎప్పటికి సర్దుకుంటుందని అడిగాడు.

“సర్దుకున్న రోజు నాకు చెప్పు నాయనా,” అన్నారు వేదవతి గారు. “ఆ మర్నాటి నుంచి పిల్లల్ని నీ దగ్గరికి పంపను.”