ఇనుము లేని ఊరు

కుమారదత్తుడికి ఒక సంగతి మింగుడుపడటం లేదు.

అతను వర్ధనపురం రాజుకి మంత్రి. ఏటి అవతల ఉన్న తుమ్మలసీమతో జరిగిన యుద్ధంలో వర్ధనపురం గెలిచింది. సంధిపత్రం రాసింది అతనే. సంధికి ఏడాది నిండిందని రాజు పండుగ తలపెట్టి, తుమ్మలసీమ పెద్దలకు కబురు పంపాడు. ఒక్కరూ రాలేదు.

కొండమీది బౌద్ధ విహారంలో ఉండే తన గురువు, భదంత ఉపశాంతుడి దగ్గరికి వెళ్ళి ఆ మాటే చెప్పుకున్నాడు.

“గెలిచాక మేం ఒక్క ఇల్లు తగలబెట్టలేదు భదంతా. వాళ్ళ రాజుని గద్దె దించలేదు. మళ్ళీ యుద్ధం రాకూడదని ఒక్క షరతు పెట్టాను. తుమ్మలసీమలో ఎక్కడా ఇనుము ఉండకూడదు, కొలిమి వెలగకూడదు. ఇనుము లేకపోతే కత్తి లేదు. కత్తి లేకపోతే చావు లేదు. ఇంతకంటే మెత్తని సంధి ఎవరు రాశారు? అయినా మా ముఖం చూడటం కూడా వాళ్ళకి ఇష్టం లేదు.”

ఉపశాంతుడు భిక్షాపాత్ర చేతిలోకి తీసుకున్నాడు.

“ఇవాళ భిక్షకి ఏరు దాటుతున్నాను. వస్తావా?”

కుమారదత్తుడు పరివారాన్ని కొండ కిందే వదిలి, మామూలు పంచె కట్టుకుని గురువు వెంట పడవెక్కాడు.

అవతలి ఒడ్డున చేలన్నీ గడ్డి పట్టి ఉన్నాయి. “వానలు బాగానే పడ్డాయి కదా, ఎందుకిలా వదిలేశారు?” అన్నాడు కుమారదత్తుడు. గురువు నడుస్తూనే ఉన్నాడు.

మొదటి ఇంటి ముందు ఆగారు. ఒకామె బయటికి వచ్చింది. పాత్ర వైపు చూసి, పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుని, “ఏమీ లేదు సామీ” అంటూ లోపలికి వెళ్ళిపోయింది. ఆ పక్క ఇంటి తలుపు తెరుచుకోనే లేదు.

ఊరి చివర ఒక ముసలాయన మోకాళ్ళ మీద కూచుని చింతకొమ్మతో నేల తవ్వుతున్నాడు. ఆయన పేరు బీరన్న. పక్కన పాత దుప్పటిలో చుట్టిన చిన్న మూట ఉంది. అది మూట కాదని కుమారదత్తుడికి దగ్గరికి వెళ్ళాకే తెలిసింది.

“మనవడు సామీ,” అన్నాడు బీరన్న. “వీడి అయ్య యుద్ధంలో పోయాడు. వీడు ఇప్పుడు. తల్లి లేచే స్థితిలో లేదు.”

గురువు ఆయన ఎదురుగా కూచున్నాడు.

“ఇంకా లోతు కావాలి,” అన్నాడు బీరన్న. “మొన్న పక్కింటి బిడ్డని పైపైనే పెట్టాం. నక్కలు లాగేశాయి.”

“గునపం లేదా?” అన్నాడు కుమారదత్తుడు.

బీరన్న అతని వైపు వింతగా చూశాడు. “గునపం ఇనుముదే కదయ్యా.”

బీరన్న మళ్ళీ కొమ్మతో నేల గీకసాగాడు.

“బిడ్డకి ఏం జబ్బు?” అని అడిగాడు కుమారదత్తుడు.

“జబ్బేం లేదు. తిండి లేదు. నాగలి కర్రులు కూడా పట్టుకుపోయారు. కట్టెతో గీకితే నేల పండుతుందా?”

కుమారదత్తుడు నడుముకి దోపుకున్న బాకు తీసి నేలలో గుచ్చబోయాడు. బీరన్న గబుక్కున అతని మణికట్టు పట్టుకున్నాడు.

“లోపల పెట్టయ్యా! ఇక్కడ ఇనుము కనపడితే ఊరంతటినీ కొడతారు.”

“ఎవరూ కొట్టరు. నేను చెబుతాను.”

“నువ్వు వెళ్ళిపోతావు గదయ్యా. మేం ఇక్కడే ఉండాలి.”

కుమారదత్తుడు బాకు దాచేశాడు. ఏం చెయ్యాలో తెలియక గురువు వైపు చూశాడు. ఉపశాంతుడు అప్పటికే పాత్ర పక్కన పెట్టి చేతులతో మట్టి తోడుతున్నాడు.

అతనూ కూచున్నాడు. ఎండకి నేల రాయిలా ఉంది. గోళ్ళు విరిగాయి. వేళ్ళ చివర్లు చీరుకుపోయాయి. ముగ్గురూ కలిసి తవ్వారు. చాలినంత లోతు వచ్చాక, బీరన్న దిగి బిడ్డని పడుకోబెట్టాడు. మొహం మీద దుప్పటి సరిచేసి, మళ్ళీ ఒకసారి తీసి చూసి, మళ్ళీ కప్పాడు.

మట్టి పూడ్చాక ఆయన కుమారదత్తుడి వైపు తిరిగాడు. “ఎవరి బిడ్డవయ్యా నువ్వు? ఏ ఊరు?”

గురువు బదులు చెబుతాడేమోనని కుమారదత్తుడు ఎదురుచూశాడు. గురువు తలెత్తలేదు.

“వర్ధనపురం,” అన్నాడు చివరికి. “ఇనుము ఉండకూడదని రాసింది నేనే.”

బీరన్న అతని మొహంలోకీ చేతులకేసీ చూశాడు. తర్వాత చెట్టు కింద పెట్టుకున్న నీళ్ళకుండ దగ్గరికి వెళ్ళాడు. ముంతతో నీళ్ళు ముంచుకొచ్చాడు.

“నెత్తురు కారుతోంది. చెయ్యి పట్టు.”

కుమారదత్తుడు చేతులు చాచాడు. ఆ నీళ్ళు పడుతున్నంతసేపూ అతను తలెత్తలేకపోయాడు.

తిరుగుదారిలో ఒడ్డున పడవ కోసం ఆగారు.

“ఆ షరతు తీసెయ్యమని రేపే రాజుగారిని అడుగుతాను,” అన్నాడు.

“అడుగు.”

పడవ ఇంకా నడి ఏట్లోనే ఉంది.

“అంతా తెలిశాక కూడా ఆ పెద్దాయన నన్ను ఒక్క మాట అనలేదు. నన్ను క్షమించాడు భదంతా.”

ఉపశాంతుడు అతని చేతుల వైపు చూశాడు.

“నీళ్ళు పోశాడు,” అన్నాడు.