స్వామి పీకిన వైరు

భీమశంకరానికి ఒకటే కోరిక. కొత్తగా చేరిన పిల్లల తరగతి తన చేతికి రావాలి. ఇన్నాళ్ళూ శిష్యుడిగా ఒంగి ఒంగి తన నడుం పాడైందని అతని నమ్మకం. నడుం బాగానే ఉందని చూసినవాళ్ళు అంటారు.

కొండమీది ఆ మఠంలో పొద్దున జపం, తర్వాత కంప్యూటర్లు. సన్యాసం పుచ్చుకోకముందు అభయానంద స్వామి కంప్యూటర్ల పనే చేసేవారు. పుచ్చుకున్నాక జీతం మానేశారు గానీ పని మానలేదు.

అక్కడి యంత్రాల మీద ఏ ప్రోగ్రాం నడవాలన్నా, దానికి కావలసిన సరంజామా అంతా కట్టిన మూట ఒకటి రావాలి. కంటైనర్ ఇమేజ్ అంటారు. ఆ మూటలు ఎక్కడో దూరాన ఉన్న గిడ్డంగి నుంచి ఇంటర్నెట్ మీద దిగేవి. కొండమీద మబ్బు పడితే ఇంటర్నెట్ పోతుంది. మబ్బు లేకపోయినా పోతుంది.

"మనకంటూ ఇక్కడే ఒక గిడ్డంగి పెట్టు. తరగతి నీదే," అన్నారు స్వామి.

శంకరం పెట్టాడు. ఆ సంగతి వంటాయనకీ, పాలు పోసే ఆమెకీ, ఆమె గేదెకీ తెలిసేదాకా ఊరుకోలేదు.

"స్వామీ, మన గిడ్డంగి, అదే రిజిస్ట్రీ, సిద్ధం. ఇక మనం ఎవరిమీదా ఆధారపడం."

"ఎవరిమీదా?"

"ఎవరిమీదా, స్వామీ! చూడండి, పిల్లల పని ఎంత హాయిగా సాగుతోందో."

స్వామి లేచి గోడ దగ్గరికి వెళ్ళారు. ఇంటర్నెట్ వైరు పీకి, చేత్తో పట్టుకుని వచ్చి కూర్చున్నారు.

"గౌరీ, కొత్త ప్రోగ్రాం ఏదైనా నడుపు తల్లీ," అన్నారు ఓ విద్యార్థినితో.

గౌరి తెర వంక చూసింది. "శంకరం అన్నా, మూట దొరకలేదంటోంది. ఇది ఇంకా బయటి గిడ్డంగినే అడుగుతోంది."

శంకరం తన గిడ్డంగి తెరిచాడు. పరీక్షకని వేసిన ఒక్క మూట తప్ప లోపల ఏమీ లేదు. సరుకు నింపలేదు. ఇకమీదట ఇక్కడే అడగమని గేదెకు చెప్పాడు గానీ, యంత్రాలకు చెప్పలేదు.

"వైరు పెట్టెయ్యనా?" అన్నారు స్వామి.

"పెట్టండి స్వామీ. సరుకు తెచ్చుకోవాలి."

మధ్యాహ్నమంతా అతను కంప్యూటర్ ముందే కూర్చున్నాడు. ఒక్కొక్క మూటే దించి గిడ్డంగిలో పెట్టాడు. ఒక్కొక్క ప్రోగ్రాంలో పాత చిరునామా తీసి కొత్తది రాశాడు. వంటాయన పలకరించినా తల ఎత్తలేదు. అతనికి జ్వరమేమోనని వంటాయన కషాయం కాచాడు.

సాయంత్రం శంకరం తనే వెళ్ళి వైరు పీకాడు.

"నడుపమ్మా, గౌరీ."

నడిచింది.

స్వామి లేచారు. "రేపటి నుంచి పిల్లలు నీ దగ్గర కూర్చుంటారు."

"ముందుగా ఏం నేర్పమంటారు స్వామీ?"

"వైరు ఎక్కడుందో చూపించు."