రెండో పెట్టెలో చేపలు

అప్పలనరసమ్మ గారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆవిడ వెంటనే జవాబు చెప్పేవారు కారు. అడిగినవాడి చేతికి ఏదో ఒక పని అప్పజెప్పేవారు. పని అయ్యేసరికి కొందరు అడిగిన సంగతే మరిచిపోయేవారు, కొందరికి మళ్లీ అడగాల్సిన అవసరం కనిపించేది కాదు. ఉప్పాడ తీరంలో పడవల మీద బతికేవాళ్లు చాలామంది ఆవిడ దగ్గర ఉపదేశం పొందినవారే. వాళ్లలో కోదండం ఒకడు. సొంత పడవ ఉన్నవాడు, మాట మీద నిలబడేవాడు, ఒకసారి మనసు విరిగితే మళ్లీ అతకనివాడు.

ఆ వేసవిలో అతనికి ఒక చిక్కు వచ్చిపడింది. చిన్నాన్న కొడుకు లోవరాజు విశాఖపట్నం నుంచి తిరిగొచ్చాడు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే పడవలో వేటకు వెళ్లేవారు. ఒకనాడు లోవరాజు తాగిన మత్తులో చుక్కాని దగ్గరే నిద్రపోయాడు. పడవ రాళ్లకు కొట్టుకుంది. అందరూ ఈదుకుని ఒడ్డున పడ్డారు గానీ, కోదండం బావమరిది కాలు మాత్రం మళ్లీ సరిగా నిలవలేదు. సిగ్గుతో ఊరొదిలిన లోవరాజు విశాఖలో ఒక చేపల కోల్డ్ స్టోరేజీలో పనికి కుదిరాడు. తాగుడు మానేశానని, సర్కారు వేసవిలో పెట్టే వేట నిషేధం ఎత్తేశాక మళ్లీ పడవలో చోటివ్వమని ఇప్పుడు బతిమాలుతున్నాడు.

"మారానంటున్నాడమ్మా. నిజంగా మారాడో లేదో నాకెలా తెలుస్తుందండి? పడవలో నేనొక్కణ్నే ఉండను కదా, నన్ను నమ్ముకుని వచ్చేవాళ్ల ప్రాణాలున్నాయి" అన్నాడు కోదండం.

"రేపు అన్నదానం. పులుసు సంగతి నువ్వు చూసుకో" అన్నారావిడ.

ఆ అన్నదానం ఆవిడ తన గురువు పేరున ఏటా జరిపించేవారు. ఆయన పడవ మనిషి. చేపల పులుసు లేకుండా ఆయన పేరున విస్తరి వేసే ఆనవాయితీ లేదు. ఈసారి తిథి నిషేధం నెలల్లో పడింది. సముద్రం మీద ఒక్క పడవ లేదు, ఒడ్డున తాజా చేప లేదు. ఆ లోటు నేను తీరుస్తానని ముందుకొచ్చినవాడు లోవరాజే. విశాఖ నుంచి రెండు పెట్టెల వంజరం చేపలు, గడ్డకట్టించినవి, మంచులో పెట్టి తెచ్చాడు.

తెల్లవారి కోదండం మొదటి పెట్టె మూత తీశాడు. ఒక్కో చేప ఒక్కో కవరులో రాయిలా ఉంది. కన్ను తెల్లబడింది. ఒకదాని వీపు మీద పొడిబారిన తెల్ల మచ్చ కూడా కనిపించింది. "ఇదేం చేపమ్మా! ఇతను తెచ్చినది ఇలాగే ఉంటుందనుకున్నాను. అవతల పారేయిద్దాం" అన్నాడు, లోవరాజు వినేటట్టుగానే. లోవరాజు తలెత్తలేదు.

అప్పలనరసమ్మ గారు కవరు మీద వేలితో తట్టి చూశారు. "మంచులో ఉంటే ఏ చేపకైనా కన్ను తెల్లబడుతుంది. ఆ మచ్చ గాలి తగిలి ఎండినది, అక్కడ రుచి తగ్గుతుందంతే. గడ్డకట్టిన చేప మంచీ చెప్పదు, చెడ్డా చెప్పదు. కరగనియ్యి. ఎండలో పెట్టకు, వేడినీళ్లు పొయ్యకు" అని తన పని మీద వెళ్లిపోయారు.

కోదండం కవర్లు విప్పకుండానే చేపల్ని చల్లటి నీళ్ల తొట్టిలో ముంచి, చల్లదనం తగ్గినప్పుడల్లా నీళ్లు మారుస్తూ కూర్చున్నాడు. అతనికి అది శిక్షలా తోచింది. ఎదురుగా లోవరాజు చింతపండు పిసుకుతూ, ఉల్లిపాయలు తరుగుతూ ఉన్నాడు. టీ తెచ్చి పక్కన పెట్టి వెళ్లాడు. కోదండం దాన్ని చల్లారనిచ్చాడు.

చేపలు కరిగాయి. కోదండం కవరు చించి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పులిసిన వాసన గానీ ఘాటు గానీ లేదు, సముద్రపు వాసనే వచ్చింది. వేలితో నొక్కితే కండ గుంట పడకుండా పైకి లేచింది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. అతనిలో ఏదో కాస్త సడలింది.

"బాగున్నాయిరా" అన్నాడు తమ్ముడి వైపు చూడకుండానే. "రెండో పెట్టె కూడా విప్పు. ఒకచోటివే కదా, ఇంక చూసేదేముంది? జనం వచ్చే వేళయింది."

లోవరాజు రెండో పెట్టె విప్పాడు. విప్పి, అలాగే కూర్చుండిపోయాడు. ఆ పెట్టెలో చేపలు విడివిడిగా లేవు. ఒకదాన్నొకటి అణుచుకుని, పెట్టె అడుగు ఎలా ఉందో అలాగే చదునై, ఒకే గడ్డగా ఉన్నాయి. కవర్ల మూలల్లో ఎర్రటి నీరు మంచై పేరుకుని ఉంది.

"అన్నయ్యా, ఇవి వద్దు" అన్నాడు.

"ఏం? గట్టిగానే ఉన్నాయిగా."

"ఇప్పుడు గట్టిగానే ఉన్నాయి. కానీ మధ్యలో ఎక్కడో మెత్తబడి మళ్లీ గడ్డకట్టాయి. అప్పుడు ఒకదాని మీద ఒకటి కుంగి ఇలా అతుక్కున్నాయి. ఎక్కడో, ఎంతసేపో నాకు తెలీదు. నేను అక్కడే ఇవి విప్పి చూసుకోవాల్సింది, చూసుకోలేదు."

అప్పటికి పందిట్లో ఆడవాళ్లు, పిల్లలు చేరుతున్నారు. వడ్డనకు వచ్చిన పెద్దమనిషి సన్యాసినాయుడు గడ్డను వాసన చూసి, "ఏమీ లేదయ్యా దీనికి! సగం చేపలు పారేస్తే పులుసు ఎవరికి సరిపోతుంది? కారం, మసాలా కాస్త దట్టంగా వేసి వేయించెయ్యండి. ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు.

"నాకు తెలుసు కదండీ" అన్నాడు లోవరాజు.

ఆ మాట పందిరంతా వినిపించింది. చేపలు నేను తెస్తానని ఊరందరి ముందూ చెప్పినవాడు, ఇప్పుడు ఊరందరి ముందూ పార పట్టుకున్నాడు. ఎవరో వెనక నుంచి, "వీడు ఏది చేసినా ఇంతే" అన్నారు. లోవరాజు చెవులు ఎర్రబడ్డాయి గానీ చెయ్యి ఆగలేదు. కుక్కలు తవ్వకుండా ఇసుకలో లోతుగా గొయ్యి తీసి, పెట్టెను ఒరిగించి, మట్టి కప్పి, పైన రాళ్లు పేర్చాడు. చేతులు కడుక్కుని వచ్చి, ఉన్న చేపలతోనే పులుసు చాలేటట్టు పచ్చి మామిడికాయలు చెక్కడం మొదలుపెట్టాడు.

కోదండం అంతసేపూ తొట్టి దగ్గరే నిలబడిపోయాడు. రెండో పెట్టెలో ఇంక చూసేదేముందన్నది తను. తన మాట ప్రకారం జరిగి ఉంటే ఆ పిల్లల విస్తళ్లలో అవే పడేవి. వెళ్లి తమ్ముడి పక్కన పీట వేసుకుని తనూ ఒక మామిడికాయ అందుకున్నాడు.

పులుసు పొయ్యి దిగాక అప్పలనరసమ్మ గారు వచ్చి గరిటెతో కాస్త తీసి రుచి చూశారు. ఎవరూ చెప్పకపోయినా జరిగినదంతా ఆవిడ చెవిన పడే ఉంటుంది. కోదండం దగ్గరగా వచ్చి గొంతు తగ్గించి, "అమ్మా, నిన్న నేనడిగిన మాట..." అన్నాడు.

ఆవిడ గరిటె కిందపెట్టి పందిరి వైపు చూశారు. లోవరాజు నీళ్ల బిందెతో ఒక మూల, వెళ్లాలో ఉండాలో తెలియనట్టు నిలబడి ఉన్నాడు.

"అతనికి నీ పక్కన విస్తరి వెయ్యి నాయనా" అన్నారు.