జనరేటర్ ఆగిన మధ్యాహ్నం

తాటిగట్టు కొండ మీద ఒక సెల్ టవర్, దాని పక్కనే ఒక డీజిల్ జనరేటర్, కాపలాకి ఒక కుక్క. ఆ కొండకి కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలీదు గనక పొద్దస్తమానం జనరేటర్ మోతే. దాని పొగకి చుట్టుపక్కల ఆకులన్నీ మసిబారిపోయాయి. కొండెక్కడానికి బండిబాట లేదు. డీజిల్ డబ్బాలు మోసేది కొండయ్య అనే గాడిద. వీపంతా పుళ్లే అయినా పాపం నోరెత్తి ఎరగడు.

ఆ రొదంటే ప్రాణం ఒక్కడికే. వాడు నక్క సింగారం. ఎందుకంటారా? అక్కడి పొదల్లో కౌజుపిట్ట చిట్టెమ్మ కాపురం. నక్క ఎండుటాకులు తొక్కుకుంటూ వచ్చినా ఆ మోతలో చిట్టెమ్మకి వినపడదు. చిట్టెమ్మ గొంతు చించుకున్నా పిల్లలకి వినపడదు. అలా రెండుసార్లు పొదిగిన పిల్లల్నీ మింగేశాడు వెధవ. ఈసారి పిల్లలూ దక్కకపోతే ఈ కొండే వదిలేస్తానని చిట్టెమ్మ ఏడ్చింది.

ఇలా ఉండగా టవర్ కంపెనీ నుంచి ఒక ఇంజనీరమ్మ వచ్చింది. పొగ కేసి చూసి తన మనుషులతో అంది: "మన టవర్లున్న కొండలన్నిటి మీదా ఇదే పొగ. ఎండలు ఇలా ముదరడంలో మన పాపమూ ఉంది. సోలార్ పలకలు పెట్టేద్దాం. పగలు ఎండతో, రాత్రి బ్యాటరీలతో నడుస్తుంది. బాగా ముసురు పడితే తప్ప జనరేటర్ జోలికి పోవద్దు."

పలకలు పైకి మోయాల్సింది మళ్లీ మన కొండయ్యే. సంగతి తెలిసిన సింగారం గుండెల్లో రాయి పడింది. తోక ఊపుకుంటూ గాడిద దగ్గరికి చేరాడు.

"ఏం కొండయ్యన్నా, నీ గొయ్యి నువ్వే తవ్వుకుంటున్నావట?"

"ఏమైందిరా?"

"డీజిలు అక్కర్లేకపోతే నీతో ఏం పని? నీ యజమాని నిన్ను ఊరికే కూర్చోబెట్టి మేపుతాడా? దారిలో లోయ పక్క మలుపు ఉంది కదా, అక్కడ కాలు జారినట్టు పడిపో. ఆ అద్దాల పలకలన్నీ లోయలోకి పోతాయి. నిన్నెవరూ ఏమనరు. గాడిద కదా, పాపం అంటారు."

కొండయ్యకి బెంగ పట్టుకుంది. ఆ సాయంత్రం మేస్తూ మేస్తూ చిట్టెమ్మ పొద దగ్గర ఆగి, అంతా చెప్పేశాడు.

"అన్నా, నీ పని ఉంటుందో ఊడుతుందో నాకు తెలీదు" అంది చిట్టెమ్మ. "ఉంటుందని అబద్ధం చెప్పి నీచేత మోయించలేను. నా పిల్లలకి నా గొంతు వినపడితే చాలు, నా ఆశ అంతే. ఆపైన నీ ఇష్టం."

కొండయ్య మలుపు కేసి చూసి అన్నాడు:

"పని పోతుందని భయపడుతున్నా గానీ, ఈ పనిలో నేను సుఖపడిందెప్పుడు చెల్లీ? మలుపు దగ్గర ఇంకాస్త జాగ్రత్తగా నడుస్తాలే."

అన్నట్టే నడిచాడు. ఒక్క పలకకీ గీత పడలేదు. సింగారం పళ్లు నూరుకున్నాడు. కానీ పలకలు బిగించాక కూడా జనరేటర్ మోగుతూనే ఉండేసరికి వాడికి ప్రాణం లేచొచ్చింది.

"చూశావా అన్నా, అద్దాలొచ్చినా రొద ఎక్కడికీ పోలేదు. మధ్యాహ్నం చిట్టెమ్మ ఇంట్లోనే నా భోజనం."

వైర్లు కలపడం అయిపోయిందనీ, ఇంజనీరమ్మ జనరేటర్ ఆపబోతోందనీ కొండయ్యకి తెలుసు. చప్పుడు ఆగగానే చెవులు రిక్కించమని పొద్దున్నే చిట్టెమ్మకి చెప్పి ఉంచాడు కూడా.

"పోయిరా తమ్ముడూ. ఎప్పటిలాగే దర్జాగా నడువు" అన్నాడు.

సింగారం పొదల్లోకి దిగాడో లేదో, జనరేటర్ ఆగిపోయింది. వాడి కొంప మునిగింది ఇక్కడే. చప్పుడు కాకుండా అడుగేయడం ప్రతి నక్కకీ పుట్టుకతో వచ్చే విద్య. ఏళ్ల తరబడి రొద చాటున తిరిగి వీడు ఆ విద్యే మరిచిపోయాడు. చెవుల్లో పాత హోరు ఇంకా తిరుగుతూనే ఉంది, ఆగిన సంగతే తట్టలేదు. ఎండుటాకులు కరకరలాడించుకుంటూ, పైగా కూనిరాగం తీసుకుంటూ వెళ్లాడు.

"దాక్కోండర్రా" అంది చిట్టెమ్మ. అరవలేదు కూడా, మామూలుగానే అంది. పిల్లలు విన్నాయి. వింటూనే ముళ్లపొద కిందకి దూరాయి. ఆ కరకరలు టవర్ కాపలా కుక్కా వింది. అది వెంటపడితే సింగారం తోక వెంట్రుకలు సగం దాని నోట్లో వదిలి పారిపోయాడు.

వారం పోయాక చిట్టెమ్మ పిల్లల్ని వెంటబెట్టుకుని కొండయ్య దగ్గరికి వచ్చింది. దాని కళ్లలో నీళ్లు.

"నా పిల్లలు నా మాట వినడం ఆ రోజే మొదటిసారి అన్నా. నీ మేలు బతికున్నంత కాలం మరిచిపోను."

"నేను మోశానంతే చెల్లీ. పొగ మానాలని బుద్ధి పుట్టిన వాళ్లు చల్లగా ఉండాలి."

"మరి నీ పనో?"

"పలకల మీద దుమ్ము పడితే ఎండ సరిగ్గా తాగవట. కడగడానికి నీళ్లు మోస్తున్నా. డీజిలంత బరువు లేదు, వీపు మానుతోంది. రండర్రా, కడిగిన నీళ్లు పల్లంలో నిలిచాయి, తాగండి" అని పిల్లలకి దారి చూపించాడు.

సింగారం పక్క కొండకి మకాం మార్చాడు. అక్కడా టవర్ ఉంది, అక్కడా జనరేటర్ మోగుతోంది. హమ్మయ్య అని కాళ్లు చాపుకుని చూస్తే, కింద బాటలో ఇంకో గాడిద పలకలు మోసుకుంటూ వస్తోంది.

ఒకరి పొగా రొదా చాటున బతకడం మరిగినవాడికి, అవి ఆగిన రోజున తన అడుగే శత్రువు.