వంగమడిలో ముగ్గురు మనుషులు

ముత్యాలయ్య ఇంట్లో అందరూ తెలివైనవాళ్ళే. ఈ మాట ఊళ్ళో ఇంకెవరూ అనరు కాబట్టి, పాపం రోజూ వాళ్ళే అనుకోవాల్సి వచ్చేది. మొన్న వానకి ఇల్లు కారితే కారే చోట గిన్నె పెట్టారు. గిన్నె తడిసిపోతోందని ముత్యాలయ్య భార్య సూరమ్మ దానికి గొడుగు పట్టింది. "మన బుర్రలు ఈ ఊళ్ళో పడి వృథా అయిపోతున్నాయే అమ్మా" అని కొడుకు నూకరాజు తెగ బాధపడ్డాడు కూడా.

ఆ ఇంటికి కొత్త కోడలు నాగరత్నం. బుర్ర విషయంలో అత్తింటివాళ్ళకి ఏమాత్రం తీసిపోదు. అందుకే సంబంధం ఇట్టే కుదిరింది. బెంగంతా ఆమె తల్లి వీరమ్మకే. పిల్లని పంపేటప్పుడు అరిటాకులో చుట్టిన వంగనారు చేతిలో పెట్టి, "మీ పెరట్లో నాటవే. కాపుకి రాగానే వస్తాను. నీ చేత్తో పెంచిన కాయలతో గుత్తొంకాయ చేసి పెట్టు. అప్పుడు గానీ నువ్వు కాపరం చేసుకోగలవని నాకు నమ్మకం కుదరదు" అంది. అని ఊరుకుందా? "మొక్కకీ మొక్కకీ మధ్య కోడిపెట్ట దూరేంత ఎడం ఉండాలి. సాలుకీ సాలుకీ మధ్య మనిషి గొంతుక్కూర్చునేంత జాగా ఉండాలి. మర్చిపోకు" అంది.

నాగరత్నం మర్చిపోలేదు. వచ్చిన చిక్కంతా అదే.

అమ్మ చేత శెభాష్ అనిపించుకోవాలని ఆ పిల్లకి ఎంత ఆశో! మర్నాడే పెరట్లో మడి తవ్వించి మొదటి మొక్క నాటింది. రెండోది నాటాలంటే కోడి కావాలి కదా. నూకరాజు పెరడంతా తరిమి తరిమి ఒక పెట్టని పట్టుకొచ్చి మొక్క పక్కన నిలబెట్టాడు. అది నిలబడుతుందా?

"కదలకే నా తల్లీ, కొలత చెడుతుంది" అని సూరమ్మ బతిమాలింది.

"మావయ్యా, తోక కూడా లెక్కేనా?" అనడిగింది నాగరత్నం.

"తోక వెనకాల వస్తుంది కదమ్మా. దూరేటప్పుడు అడ్డం రాదు" అని ముత్యాలయ్య తీర్పు చెప్పాడు. అంతలో ఆయనకే ఇంకో అనుమానం వచ్చింది. "ఇది తిని తిని లావెక్కితే? అప్పుడీ ఎడం చాలదే!"

నిజమే కదా అని ఆ పూట నుంచి పెట్టకి గింజలు మానేశారు. ఇంకేముంది, ఆకలికి అది మొక్కకి మొక్క వదిలేసి నాటిన వాటిలో సగం తినేసింది. నాగరత్నం గొల్లుమంది.

"ఏడుస్తావేంటే పిచ్చిపిల్లా? ఇప్పుడు రెండు కోళ్ళు దూరతాయి" అంది సూరమ్మ. ఆ మాటకి కోడలు కళ్ళు తుడుచుకుంది.

ఇక సాళ్ళ సంగతి. మొదటి సాలు పక్కన మావగారిని గొంతుక్కూర్చోబెట్టి, ఆయనకి అవతల రెండో సాలు నాటింది. దాని పక్కన అత్తగారిని కూర్చోబెట్టి మూడోది. దాని పక్కన మొగుణ్ణి కూర్చోబెట్టి నాలుగోది. మడి ముచ్చటగా కుదిరింది. మోకాళ్ళు పట్టేసి ముత్యాలయ్య లేవబోయాడు.

"అయ్యో, లేవకండి మావయ్యా! మీరు లేస్తే ఆ జాగాలో మనిషి ఏడీ?"

"అదీ నిజమే" అని ఆయన మళ్ళీ చతికిలబడ్డాడు. అంతే. ఆ రోజు నుంచి ముగ్గురి తిండీ అక్కడే, కునుకూ అక్కడే. వానొస్తే ముగ్గురూ గొడుగులు వేసుకునేవారు. గొడుగుల కింద మొక్కలకి తడి తగలడం లేదని నాగరత్నం జోరువానలో బిందె మోసుకొచ్చి నీళ్ళు పోసేది.

పక్కింటి గవర్రాజు గోడ మీంచి తొంగి చూసి, "ఏం నాటారు పిన్నీ?" అనడిగాడు.

"వంగ నాయనా."

"మరి మీరో?"

"మేం ఎడం" అంది సూరమ్మ, గర్వంగా.

కూర్చుని తినేసరికి ముత్యాలయ్యకి బొజ్జ వచ్చింది. ఆకులు బొజ్జకి రాసుకుంటున్నాయి. ఎడం తగ్గిపోయిందని నాగరత్నం ఆ సాళ్ళు పీకి దూరంగా జరిపి నాటింది. మొక్కలు తలలు వేలాడేశాయి. ఆమె ప్రాణం ఉసూరుమంది. రేపు అమ్మొస్తే ఏం పెడుతుంది? భయపడి మావగారికి గంజి మాత్రమే పోసింది. ఆయన చిక్కిపోయాడు. మళ్ళీ పీకి దగ్గరికి జరిపింది.

అయినా వంగ మొండిజాతి. పైగా ముగ్గురు మనుషులు మధ్యలో కూర్చుంటే మేక వస్తుందా, పురుగు మిగులుతుందా? మొత్తానికి నవనవలాడే కాయలు దిగాయి.

వీరమ్మ వచ్చింది. మడిలో కూర్చున్న వియ్యాలవారిని చూసి, కలుపు తీస్తున్నారు కాబోలు, ఎంత పనిమంతులో అని మురిసిపోయింది. నాగరత్నం లేతకాయలు కోసి గుత్తొంకాయ వండింది. ఇల్లంతా ఘుమఘుమ. వసారాలో అమ్మకి విస్తరి వేసింది.

"నేనొక్కదాన్నే ఎలా తింటానే? మీ అత్తమామల్నీ, అల్లుడుగారినీ పిలు. వాళ్ళొచ్చి నా సరసన కూర్చుంటేనే ముద్ద ముట్టేది" అంది వీరమ్మ.

నాగరత్నం చిక్కులో పడింది. పిలిస్తే ఎడం పోతుంది. పిలవకపోతే అమ్మ తినదు. ఇన్నాళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరేనా? నిలబడి ఆలోచించింది. ఒక్కసారిగా మొహం వెలిగిపోయి, గునపం పట్టుకుని పెరట్లోకి పరిగెత్తింది.

కాసేపటికి భోజనాల బంతి సిద్ధమైంది. ముత్యాలయ్య కూర్చున్నాడు, ఆయనకి అటూ ఇటూ వేళ్ళతో సహా పెళ్ళగించి తెచ్చిన వంగమొక్కలు. ఆ పక్కన సూరమ్మ, మళ్ళీ మొక్కలు. ఆ పక్కన నూకరాజు, మళ్ళీ మొక్కలు. పిందెలింకా వేలాడుతూనే ఉన్నాయి. వాటి మొదళ్ళలో కూడా ముత్యాలయ్య తలా ఒక ముద్ద పెట్టించాడు, బంతిలో ఉన్నవాటికి తక్కువ చెయ్యకూడదని.

"చూశావా అమ్మా, అందరూ లేచొచ్చారు. ఎడం మాత్రం వెంట్రుకవాసి చెడలేదు!" అంది నాగరత్నం, నెయ్యి వడ్డిస్తూ.

వీరమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. కూతురి మొహం చూసింది. మొక్కల్ని చూసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నిన్నిలా వదిలి నేను వెళ్ళలేనే తల్లీ. కొన్నాళ్ళు ఇక్కడే ఉంటాను" అంది.

నాగరత్నం ఎగిరి గంతేసింది. "ఏవండోయ్! అమ్మ ఉంటుందిట. ఇంకో సాలు వేసుకోవచ్చు!" అంటూ తల్లిని ఎంగిలిచేత్తోనే లేవదీసి, పెరట్లోకి తీసుకెళ్ళి గొంతుక్కూర్చోబెట్టింది.