నరానికి చెప్పకండి

నాకో మంచి గుణం ఉంది. చెప్పుకోకపోతే దానికి అన్యాయం చేసినవాణ్ణవుతాను. ఎవరేం చెప్పినా అక్షరం పొల్లుపోనివ్వను. మా బావమరిది పైడయ్య ఈ విషయంలో నాకంటే రెండాకులు ఎక్కువే చదివాడు. ఇద్దరం కాలేజీ ల్యాబులో అటెండర్లం; అక్కడ మా అంత బుద్ధిమంతులు లేరని మా ఇద్దరి అభిప్రాయం.

అక్కడ హైమవతిగారు నాలుగేళ్లుగా పరిశోధన చేస్తున్నారు. నరం కొసన కంటికానని తిత్తులుంటాయట. అవి గుండ్రమో చదునో పెద్ద మైక్రోస్కోపులో తేల్చి పరీక్షకుడికి చూపిస్తేనే ఆవిడకి పట్టా. ఎలుకలు మూడే మిగిలాయి.

మొదటి ఎలుక నరం కోసిచ్చి, "దీనికి తను చచ్చిన సంగతి తెలియకముందే, కుళ్లకుండా ఆపే ఈ మందులో పడాలి" అన్నారు. అంతే, తలుపులు మూశాం. చెప్పులు విప్పాం. పైడయ్య తుమ్మబోతే ముక్కు పట్టుకున్నాను. పిల్లి అడుగులతో మందు సీసా దగ్గరికి చేరేసరికి అరగంట. ఫొటోలో తిత్తులు అప్పడాల్లా వచ్చాయి.

"ఎంతసేపు చేశారయ్యా?"

"అరగంటండి. కానీ దానికి అనుమానం రాలేదు" అన్నాడు పైడయ్య.

రెండోసారి, "మందొద్దు, మంచులో బిగిద్దాం. రెప్పపాటులో గడ్డకట్టాలి" అన్నారు. ఇంకేముంది, పైడయ్య దాన్ని ఐసుపెట్టెలో పెట్టాడు, నేను రెప్ప వెయ్యకుండా కూర్చున్నాను.

"అయిందారా?"

"ఇంకా మెత్తగానే ఉంది బావా. రెప్ప వెయ్యకు."

"నీళ్లు కారుతున్నాయిరా."

"కారనీ. నీళ్లు రెప్పలు కావుగా."

గంటన్నర పట్టింది. ఆలోగా మంచు సూదులు లేచి తిత్తుల్ని పొడిచేశాయి. ఫొటో నిండా చిల్లులే.

హైమవతిగారు తల పట్టుకున్నారు. "మందుతో ఒక రూపం, మంచుతో ఒక రూపం. మనం చేసిందే మనకి కనిపిస్తోంది. ముట్టుకోకముందు ఉన్నదే అసలు రూపం." ఆఖరి నరం పళ్లెంలో పెట్టి, "వెంటనే మందులో వెయ్యండి" అని పరీక్షకుణ్ణి తీసుకురావడానికి స్టేషనుకెళ్లారు.

"వేస్తే అప్పడమైపోతుంది బావా. ముట్టుకోకూడదని ఆవిడే అన్నారుగా."

అంతే, చూపు కూడా తగలకూడదని వీపు తిప్పి కూర్చున్నాం. మేం ముట్టుకోలేదు. చీమలు ముట్టుకున్నాయి. వాటికెవరూ చెప్పలేదు.

పళ్లెం ఖాళీ. పళ్లెం ఎత్తి కింద కూడా వెతికాను.

"నరం ఎక్కడికీ పోలేదు బావా. చీమల కడుపులో ఉంది" అన్నాడు పైడయ్య.

ఇంకేముంది, మళ్లీ చెప్పులు విప్పాం. ఒక్కో చీమనీ, చచ్చిన సంగతి దానికి తెలియకుండా, మందు సీసాలోకి దింపుతున్నాం. పరీక్షకుడు లోపలికొచ్చి "నరమేదయ్యా?" అని గట్టిగా అడిగాడు.

"మెల్లిగా సార్" అన్నాను. "రెండింటికి ఇంకా తెలియదు."

పట్టా ఏడాది వెనక్కి పోయింది. ఆ తిత్తులు గుండ్రమో చదునో నాకింకా తెలియదు.