కొట్టని డ్రమ్ముకు పచ్చదీపం

నల్లగుట్ట అడవిలో బ్యాండుమేళం పుట్టినప్పుడు నేనక్కడే టేకుకొమ్మ మీదున్నాను. అప్పట్లో ఈ కాకి కావుమంటే సెలయేళ్లు వెనక్కి పారేవి. సరే, ఆ సంగతి అలా ఉంచండి.

మేళానికి పెద్ద ఏనుగు తాత. చెవులు చేటలంత, వినికిడి ఆవగింజంత. డ్రమ్ము వాయించేది ఎలుగుబంటి. పెళ్లిళ్లలో ఇచ్చే తేనెతోనే దాని ఇల్లు గడిచేది. రేపు నెమలి ఇంట పెళ్లి ఊరేగింపనగా, ఆ చోటు నాకిమ్మంటూ నక్క తన డ్రమ్ముతో దిగింది.

ఎలుగు దగ్గర బ్యాటరీతో నడిచే చిన్న బిళ్ల ఉంది. తోలు మీద పెడితే బిగువెంతో అంకెల్లో చూపుతుంది. దాన్ని చూసుకుంటూ తోలు బిగించే ఒక్కో మరా తిప్పుతోంది.

“నువ్వు బిగించేలోపు పెళ్లికూతురు గుడ్లు పొదిగేస్తుంది బావా,” అంది నక్క. “నా ఫోనులో యాప్ ఉంది. ఒక్క దెబ్బ వింటుంది. శ్రుతి కుదిరితే పచ్చదీపం. ఏమంటావు తాతా?”

“దీపమైతే నా కంటికి ఆనుతుంది. కానివ్వు,” అన్నాడు తాత.

నక్క ఫోనును ఓ పొదకు ఆనించి, పుల్లతో డ్రమ్ము మీద ఒక్కటిచ్చింది. పచ్చదీపం వెలిగింది.

“ఇక రేపు వాయించేది నక్కే,” తాత తేల్చేశాడు.

ఎలుగు తన బిళ్లను నక్క డ్రమ్ము మీద పెట్టింది. తోలు తడిసిన అప్పడంలా వదులుగా ఉంది. ఇందాకటి దెబ్బ వెనకే తోకలా ఇంకేదో చప్పుడు దానికి వినబడింది కూడా.

“నాకూ ఆ ఫోను ముచ్చట తీరాలి బావా. పుల్ల ఇటివ్వు,” అంది ఎలుగు.

“తీర్చుకో. ఎలాగూ రేపట్నుంచి నీకు ఖాళీయేగా.”

ఎలుగు పుల్లను మబ్బులు చిరిగేంత ఎత్తుకు లేపి, పిడుగులా దించి, తోలుకు వేలెడు పైన ఆపేసింది.

పొదలోంచి “బెక్” అని వినబడింది. పచ్చదీపం వెలిగింది.

తాతకు బెక్కు వినబడలేదు గానీ, పుల్ల ఆగడం, దీపం వెలగడం రెండూ కనబడ్డాయి. “కొట్టకుండానే శ్రుతి కలిసిందేమిట్రా?” అంటూ తొండంతో పొద పక్కకు తీశాడు. లోపల బోదురుకప్ప.

“పుల్ల దిగగానే అరిస్తే దోమలు పెడతానంది నక్క,” అంది కప్ప. “తగిలితేనే అరవమని చెప్పలేదు మరి.”

“ఫోను తప్పేం లేదు తాతా. విన్నదే చెప్పింది,” అంటూ ఎలుగు మళ్లీ తన మరల దగ్గర కూర్చుంది.

మర్నాడు ఊరేగింపులో ఎలుగు వాయించిన దెబ్బలకు గుట్ట ఓ జానెడు పక్కకు జరిగింది. కావాలంటే వెళ్లి కొలుచుకోండి. మేళం వెనకాల నక్క పెట్రోమాక్సు మోసింది. “నీకు దీపాలంటే ఇష్టం కదా,” అని తాతే నెత్తికెత్తాడు.

దీపం వెలిగితే సరిపోదు, ఎవరి గొంతుకు వెలిగిందో చూసుకోవాలి.